కండె నాకిన చేతులు

ముందే చెప్తున్నాను, నాకు కుక్కలంటే పడదు. చిన్నప్పుడు మా వాడలో ఒక నల్ల కుక్క పిక్క పట్టుకున్నది మొదలు, కుక్క ఎదురైతే నేనే సందు మారేవాణ్ణి. అలాంటి నేను ఇన్ని కాగితాలు ఖరాబు చేస్తున్నది ఒక కుక్కపిల్ల కోసమే. మా బాపు ఇసుకలో దిద్దించిన తెలుగు అక్షరాలు నాకు బిడ్డలకు ఉత్తరాలు రాయడానికి తప్ప ఇంకెందుకూ పనికి రాలేదు. ఇప్పుడు గండం గడిచింది. నా తప్పు నేనే చెప్పుకుంటే గుండె కొంచెం కుదుటపడుతుందని, మగ్గం ఉన్న ఇంట్లో చిన్న ప్రాణాన్ని పెంచుకునేవాళ్లు ఎవరైనా ఉంటే జాగ్రత్త పడతారని రాస్తున్నాను.

సిద్దిపేటలో మాది గుంత మగ్గం ఇల్లు. ముందు గదిలో మగ్గం, వెనక గదిలో పొయ్యి. మనుషులం ముగ్గురమే. నేను, నా పెండ్లాం రాజవ్వ, మా అక్క పోశవ్వ. బావ పోయినప్పటి నుంచి అక్క మాతోనే ఉంటున్నది. అరవై దాటినా కండెలు చుట్టడంలో ఆమెకు సాటి లేదు, తిట్టడంలోనూ లేదు. బిడ్డలిద్దరిలో ఒకతెను మద్దూరులో, ఒకతెను జగదేవ్‌పూర్‌లో ఇచ్చాం.

యుద్ధం రోజులు. నూలు కంట్రోలులో ఉండేది. ఆ ఏడు రోహిణి కార్తెలో, ఎండ నెత్తి మాడుస్తున్న ఒక మధ్యాహ్నం, రాజవ్వ తాసీలు కచేరి అధికారి ఇంట్లో చీర ఇచ్చి రావడానికి వెళ్లింది. వస్తూ వస్తూ కొంగులో ఏదో మూట కట్టుకుని తెచ్చింది. మూట కదులుతున్నది.

"ఏందే అది? కుందేలా?" అన్నాను మగ్గం మీద నుంచి.

"కుక్కపిల్లయ్యా. పట్నంల కొన్నరట. ఇంతకంటె పెరగదట, గీ జాతే గింత. ఆళ్లు బదిలీ అయి బీదరు పోతున్రు. బండి ఎక్కిస్తే వణికి సస్తున్నదని ఈడనే ఇడిచిపెట్టి పోతమన్నరు. నాకు పానం ఒప్పలేదు."

"ఆళ్లు ఇడిచిపెడితే నువ్వు ఎత్తుకొస్తవా? మనకే దిక్కు లేదంటే..."

నా మాట పూర్తి కాకముందే అక్క అందుకున్నది. "కుక్కను అందలమెక్కిస్తే కుచ్చులు తెగగొరికిందంట. ఇల్లంత పోగులే ఉన్న సాలోళ్లకు కుక్కేందే పిల్లా? ఓయమ్మో, ఎట్ల వణుకుతున్నదో సూడు, సలిజరమొచ్చినట్టు!"

తెల్లటి బొచ్చు, రెండు నల్ల కళ్లు, నా అరచేయి అంత ఒళ్లు. కింద దింపగానే పోయి అక్క కండెల బుట్టలో దూరింది. కండె అంటే పేక నూలు చుట్టి, పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే పుల్ల. తెల్ల కండెల మధ్య తెల్లగా ముడుచుకుంటే ఏది నూలో ఏది కుక్కో తెలియలేదు. అక్కే తిట్టుకుంటూ "అగో, ఇంకో కండె" అన్నది. ఆ పేరే నిలిచింది.

కండెకు అన్నింటికీ బుగులే. తలుపు కిర్రుమంటే బుగులు, బిందె కింద పెడితే బుగులు. అన్నింటికంటే మగ్గమంటే ఎక్కువ. నేను గుంతలో కాళ్లు పెట్టి చెక్కలు తొక్కడం మొదలుపెడితే చాలు, జొన్నల గుమ్మి వెనక దూరి అక్కడే తడిపేసేది. తన తోకను తానే కొరుక్కుని ఒకచోట బొచ్చంతా ఊడగొట్టుకుంది. రాజవ్వ నీళ్లకు పోతే, ఆమె తిరిగి వచ్చేదాకా గడప దగ్గర ఏడుపు. చూస్తుంటే జాలి, వింటుంటే విసుగు.

నాలుగు రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం నేను గుంతలో నుంచి లేచి గోడకు ఆనుకుని కూర్చున్నాను. కండె గుమ్మి వెనక నుంచి పొట్ట నేలకు ఆనించి పాకుతూ వచ్చింది. నా చేయి వాసన చూసింది. తర్వాత నాకడం మొదలుపెట్టింది. ఒక వేలు, రెండో వేలు, అరచేయి, మణికట్టు. నాకీ నాకీ, నా చేతిలోనే గడ్డం పెట్టి నిద్రపోయింది. వణుకు ఆగిపోయింది. వచ్చిన తర్వాత అది వణకకుండా ఉండడం అదే మొదలు.

"ఏమే, ఇటు సూడు," అన్నాను మెల్లగా. "తెచ్చింది నువ్వు, పాలు వోస్తున్నది నువ్వు. వచ్చింది మాత్రం నా చేతికే."

"ముప్పై ఏండ్ల నుంచి నేను మెచ్చని చేతులు, కుక్కన్న మెచ్చింది తియ్యి," అన్నది రాజవ్వ నవ్వుతూ.

ఆ రోజు నుంచి నా గర్వానికి పట్టపగ్గాలు లేవు. వాడలో పని లేకపోయినా నలుగురిని పిలిచి చూపించాను. పొద్దున పడుగును వీధిలో బారుగా సాగదీసి, జొన్నగంజిలో ఇంత నూనె కలిపి, కుంచెతో పట్టించడం మా పని. ఆ గంజి చేతుల మీద ఆరి పొరలు కడుతుంది. సాలెవాడి చేతులు సాయంత్రం దాకా అలాగే ఉంటాయి. వాటిని ఒక మూగజీవి ప్రేమగా నాకుతుంటే లోపల ఏదో కరిగేది.

మృగశిర కార్తె వచ్చింది, ముసురు పట్టింది. ముసురులో పడుగు ఆరదు, గంజికి బూజు పడుతుంది. అందుకని వానకాలం గంజిలో మైలతుత్తం నూరి చిటికెడు కలుపుతాం, ఆ నీలం రాయి. మా తాత కలిపాడు, మా బాపు కలిపాడు, నేనూ కలిపాను. "తుత్తమేసినంక గంజి నోట్లె వెట్టుకోకుర్రి" అని బాపు చిన్నప్పుడు మాకు చెప్పేవాడు. కుక్కల సంగతి ఆయన చెప్పలేదు. మా ఇంట్లో కుక్క ఎప్పుడుంది గనుక?

వానలతో పాటు కండెకు జబ్బు మొదలైంది. పొద్దున లేస్తూనే తెల్లటి నురగ కక్కేది. పాలు ముట్టేది కాదు. నడుము వంచి, తల నేలకు ఆనించి అలాగే నిలబడిపోయేది. ఒకసారి అక్క ఎత్తుకోబోతే చటుక్కున ఆమె వేలు పట్టింది. రక్తం రాలేదు గానీ అక్క ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది.

"చూసినవా తమ్మీ! బువ్వ వెట్టినోళ్ల చెయ్యే కొరుకుతున్నది!"

"బుగులు వడ్డది వదినె, ఉరుములకు," అన్నది రాజవ్వ. ఆమె మిరపకాయలు, ఉప్పు తీసుకుని మూడుసార్లు దిగదుడిచి పొయ్యిలో వేసింది. మేం ముగ్గురం దగ్గి దగ్గి చచ్చాం. కండె ఇంకా బుగులు పడి గుమ్మి వెనక నుంచి సాయంత్రం దాకా రాలేదు.

మేం అంతా బుగులనే అనుకున్నాం. దానికి ముందు నుంచే భయం కాబట్టి, కొత్తగా వచ్చినవన్నీ ఆ భయం ఖాతాలోనే వేశాం.

ఇక నేను చేసిన పని చెప్పాలి. రాయడానికి చేయి రావడం లేదు, అయినా రాస్తాను. అన్నం ముట్టదు, పాలు ముట్టదు, నా చేతి గంజి మాత్రం నాకుతుంది. ఎంత కొంతైనా కడుపులోకి పోతున్నది కదా అని, గంజి కుండలో వేళ్లు ముంచి మరీ దానికి పెట్టాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. "తిను బిడ్డా, తిను" అంటూ పెట్టాను. నా బిడ్డలకు కూడా నేనెన్నడూ అలా తినిపించలేదు.

ఆరుద్ర కార్తెలో దాని పక్కటెముకలు తేలాయి. కండెను తువ్వాలలో చుట్టుకుని పశువుల దవాఖానకు పోయాను. అక్కడ రేకుల పందిరి కింద ఎడ్లు, బర్లు, మేకలు. ఆ మందలో చంకలో కుక్కపిల్లతో నేనొక్కణ్ణి. చూసినవాళ్లంతా నవ్వారు. "ఓ అన్నా, దున్ననీకి తెచ్చినవా, పాలు పిండనీకి తెచ్చినవా?" అన్నాడొకడు. నాకు ఒళ్లు మండింది, కానీ కండె గుండె నా పక్కటెముకలకు కొట్టుకుంటుంటే తువ్వాలను ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాను.

నా పక్కన తొగుట నుంచి వచ్చిన ఒక రైతు ఉన్నాడు. పేరు ఎల్లయ్య. కాడి రాసుకుని మెడ పుండైన ఎద్దును తెచ్చాడు. పొద్దు ఎక్కి ఎండ నా మీదికి వస్తుంటే, లేచి తన ఎద్దును ఇటు జరిపి నిలబెట్టాడు. దాని నీడ మా మీద పడింది. పొద్దుటి నుంచి అందరూ నవ్వినవాళ్లే, ఈయన నీడ ఇచ్చాడు. నాకు కళ్లు చెమర్చాయి.

"ఏం బుగులు దీనికి?" అన్నాడు.

"అన్నిటికీ పటేలా. మా మగ్గం సప్పుడుకైతే పానం పోతది."

"అయితె ఒక్కసారే మగ్గం కాడ కూసోవెడితివా?"

"అలవాటైతదని రెండుమూడు సార్లు ఎత్తుకపోయి పక్కన కట్టేసిన."

ఎల్లయ్య తల అడ్డంగా ఊపాడు. "కొత్త కోడెకు ఒక్కసారే కాడి ఎత్తుతమా అన్నా? ముందుగాల మెడ మీద ఉత్త తాడు ఏస్తం. నాలుగొద్దులయినంక ఉత్త కాడి. బండి కట్టేది అటెనుక. అదే వచ్చి మెడ వెట్టాలె. మనం తొందరపడితె జీవితమంత బెదురే."

నా పిలుపు వచ్చింది. డాక్టరు సాబు నెరిసిన గడ్డం, మెత్తటి చేతులు ఉన్న మనిషి. కండె పెదవి ఎత్తి చూశాడు, పొట్ట నొక్కాడు. కండె కుయ్యిమన్నది.

"దీనికి భయం వేరే ఉన్నది, కడుపునొప్పి వేరే ఉన్నది," అన్నాడు. "నువ్వు రెండూ ఒక్కటే అనుకుంటున్నవ్. ఏం తింటది?"

"పాలు, బువ్వ, జొన్నరొట్టె ముక్క. అదన్న తింటే గద సాబ్."

"ఇంకా?"

"ఇంకేం లేదు సాబ్. నా కండ్ల ముందటనే ఉంటది."

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. చేతి గంజి తిండి అని నాకు తోచలేదు, అంతే. అది నాకూ దానికీ మధ్య ఉన్న ముద్దు అనుకున్నాను. సాబు పురుగులకని ఒక పొడి పొట్లం కట్టి ఇచ్చాడు. "ఏం నోట్లె వడుతున్నదో జర కండ్లు వెట్టి చూడు," అన్నాడు. చూస్తానన్నాను. ఇంటికొచ్చి, పొడిని నా వేలికి రాసి నాకించాను, గంజి వేలికే.

పునర్వసు కార్తెలో నూలు ఆగిపోయింది. కంట్రోలు దుకాణంలో ఈ రోజు రేపు అని తిప్పారు. రెండు వారాలు మగ్గం పడుకుంది. పడుగు లేదు, గంజి లేదు. మాకు పూటకు ఇంత జొన్నరవ్వ గట్కే గగనమైంది.

కండె మాత్రం లేచి కూర్చుంది.

ముందు కక్కడం ఆగింది. తర్వాత రాజవ్వ చేతిలో రొట్టె ముక్క లాక్కుంది. మగ్గం చప్పుడు లేదు కాబట్టి గది నడిమికి వచ్చి పడుకునేది. ఒకరోజు అక్క చేతికర్రను చూసి మొదటిసారి మొరిగింది. ఆ గొంతు విని అదే బెదిరి వెనక్కి దూకింది. రాజవ్వ, నేను పొట్ట పట్టుకుని నవ్వాం. ఆకలితో ఉన్నవాళ్లం అంతగా ఎట్లా నవ్వామో తెలియదు. అంతా సాబు పొడి మహిమే అనుకున్నాను.

అక్క నవ్వలేదు. "ఇల్లు ఉపాసముంటె గిది బలుస్తున్నది. నాకెందుకో నచ్చుతలేదు తమ్మీ," అన్నది.

పుష్యమి కార్తె మొదట్లో నూలు వచ్చింది. మా వాడంతా పండుగే. రెండు పడుగులకు సరిపడా గంజి ఒక్కసారే కాచాం. ముసురు వదలడం లేదు, ఈ నూలు బూజు పడితే మళ్లీ ఎప్పుడో అని తుత్తం ఇంకో గడ్డ ఎక్కువే నూరి వేశాను. వాన తెరిపిచ్చిన పూట పడుగుకు పట్టించి లోపలికి వస్తే, కండె పరుగెత్తుకొచ్చింది. అన్నాళ్లూ ఒట్టి చేతులు వాసన చూసి పోయేది, ఇప్పుడు తోక ఊపుతూ గంతులు వేసింది. నేను కింద కూర్చుని రెండు చేతులూ చాపాను. "రా బిడ్డా, వచ్చింది మన నూలు," అన్నాను.

మరునాడు అది లేవలేదు. కక్కి కక్కి, ఇక కక్కడానికి ఏమీ లేక ఒళ్లు మెలితిప్పుకుంది. కాళ్లు చాపేసింది. మూడో రోజు పొద్దుటికి తల కూడా ఎత్తలేదు.

అక్క గడపలో కూర్చుని మెల్లగా అన్నది, ఈసారి అరవలేదు. "తమ్మీ, కోపం జెయ్యకు. నూలు పోతె లేస్తది, నూలొస్తె వడుతది. గిది మన బువ్వకు ఎదురు పుట్టింది. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమంటరు. ఎవలకన్న ఇచ్చి రా."

"పానం పొయ్యేదాన్ని ఎవలు తీసుకుంటరు వదినె," అని రాజవ్వ ఏడ్చింది.

నాకు అక్క మీద కోపం రాలేదు. భయమేసింది, ఎందుకంటే ఆమె చూసింది నిజమే. నేనూ చూశాను. మగ్గం నడవకపోతే ముగ్గురం పస్తులు, నడిస్తే ఇది చస్తుంది. ఏం చేయను? తొగుట పోయి ఎల్లయ్య కాళ్లు పట్టుకుందాం, మగ్గం లేని ఇల్లు కదా అక్కడన్నా బతుకుతుందేమో అనుకున్నాను. "ఒక తడిగుడ్డ ఇయ్యవే, మూతి తుడుస్త. మంచిగ కనవడాలె," అన్నాను రాజవ్వతో.

తుడిచాను. గుడ్డకు మరక అంటింది. నురగ మరక కాదు. పెదవి చుట్టూ ఉన్న తెల్ల బొచ్చు పాచి రంగుకు తిరిగి ఉంది, నీలమా ఆకుపచ్చా అన్నట్టు. మళ్లీ తుడిచాను. అదే రంగు. ఈ రంగు నేనెక్కడో చూశానే అనుకుంటూ గుడ్డ పట్టుకున్న నా వేళ్లు చూశాను. గోళ్ల సందుల్లో, వేళ్ల పగుళ్లలో, అదే.

అక్కడే చతికిలపడ్డాను.

"రాజవ్వా, నేనే వెట్టిన," అన్నాను. "ఇన్నొద్దులు నా చేతులతోటి నేనే వెట్టిన. తుత్తం."

కండెను రాజవ్వకు అప్పజెప్పి, తలకు తువ్వాల చుట్టడం కూడా మరిచి, ముసురులో దవాఖానకు పరుగెత్తాను. సాబు విని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"రోజూ నాకించినవా?"

"రోజూ సాబ్. ఏం తింటలేదని ఎక్కువ ఎక్కువ వెట్టిన."

"బాధలున్న జీవి ఊకె నాకుతది. నాకిన కొద్దీ బాధ వెరిగింది. నువ్వు ప్రేమతోటే చేసినవ్, దానికి నేనేమంట?" అన్నాడు. "కోడిగుడ్డు తెల్లసొన, పాలు, కొంచెం కొంచెం నోట్లె వొయ్యిండ్రి. మూడు రోజులు గడిస్తె బతుకుతది. చేతుల నీలం పొయ్యి నున్నగ అయ్యేదాక నువ్వు మాత్రం ముట్టకు."

ఇంటికొచ్చి చెప్పాను. అక్క విని, కర్ర పట్టుకుని బయటికి పోయింది. ఆమెకు నా మీద అసహ్యం కలిగిందనుకున్నాను. కాసేపటికి కొంగులో నాలుగు గుడ్లతో వచ్చింది. ఎవరింట్లో అడిగిందో చెప్పలేదు. గుడ్డు పగలగొట్టి తెల్లసొన వేరు చేస్తూ గొణిగింది. "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె!" పచ్చసొన గిన్నె నా ముందుకు నెట్టింది. "నువ్వు తాగు. రాత్రి నుంచి నువ్వేం ముట్టలే."

ఆ మూడు రోజులు నా జీవితంలో అన్నింటికంటే పొడుగైనవి. రాజవ్వ దూది వత్తితో పాలు పిండేది. నేను గడప అవతల కూర్చునేవాణ్ణి. చేతులు బూడిదతో తోమాను, చింతపండుతో తోమాను, కుంకుడు రసంతో కడిగాను. చర్మం మంటెత్తింది గానీ పగుళ్లలో నీలం పోలేదు. రెండో రోజు కండె కళ్లు తెరిచి నన్ను చూసింది. నా వైపు నాలుక కొంచెం చాపింది. ఇంకా ఆ చేతులే అడుగుతున్నది! నేను లేచి వీధిలోకి పోయి, పడుగు కట్టే గుంజ పట్టుకుని ఏడ్చాను. సిగ్గుపడకుండానే చెప్తున్నాను, గట్టిగానే ఏడ్చాను.

మూడో రోజు అక్క ఒళ్లో పడుకోబెట్టుకుని ఉంటే, ఆమె చీరంతా తడిపేసింది.

"థూ! నా కొంగంత ఖరాబు జేసింది," అని అక్క అరిచింది. తర్వాత నా వైపు చూసి, "ఇగ సావదు తియ్యి," అన్నది. ఆ చీరనే ఉతికి, మడత పెట్టి, దానికి పక్క చేసింది.

ఆశ్లేష కార్తెకు కండె నడిచింది. తుత్తం మా ఇంట్లో మళ్లీ వాడలేదు. దానివల్ల పని పెరిగింది. ఏ పూట గంజి ఆ పూటే కాచాలి, రాజవ్వ, అక్క కోడి కూయకముందే లేవాలి. ఒక పడుగు సగం బూజు పట్టి ఉతికి మళ్లీ పట్టించాల్సి వచ్చింది. అక్క తిట్టింది, పని మాత్రం ఆపలేదు.

నా గోళ్లు మాత్రం ఇంకా నీలంగానే ఉన్నాయి. కండె నా చేతుల కోసం వస్తే చంకల్లో దాచుకునేవాణ్ణి. అది కాసేపు చూసి, తోక దించుకుని గుమ్మి వెనక్కి పోయేది. నేను కోపంగా ఉన్నాననుకుందేమో. మళ్లీ వణుకు, మళ్లీ తోక కొరుక్కోవడం. నా లోపల ఇంకో ముల్లు ఉండేది, అది ఎవరికీ చెప్పలేదు. ఇది ఎన్నడైనా నా కోసం వచ్చిందా, గంజి కోసం వచ్చిందా? నూలు లేని రోజుల్లో ఒట్టి చేతులు వాసన చూసి పోయిన సంగతి గుర్తొచ్చేది. యాభై ఏళ్ల మొగోడు కుక్కపిల్ల గురించి ఇట్లా కుమిలిపోవడమేందని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఎల్లయ్య చెప్పిన కోడె మాట అప్పుడే గుర్తొచ్చింది. చేతులు లేకుండా చేయగలిగింది అదొక్కటే. అక్క పాత చీరను గుమ్మి పక్కనే పరిచి, మగ్గంలో కూర్చుని నాడె వేయకుండా ఉత్త చెక్కలు మెల్లగా తొక్కాను, అంతే, ఆపేశాను. అది ఉత్త తాడు. మరునాడు చీరను ఒక జాన ఇటు జరిపాను. నాలుగు రోజులకు నాడె ఒక్కసారి ఇటు, ఒక్కసారి అటు. అది లేచిపోతే పిలవలేదు, ఎత్తుకుని తేలేదు. మళ్లీ వెనక్కి జరిపి మొదలుపెట్టాను. రోజంతా నేయాల్సిన నేను ఇలా ఆడుకుంటుంటే రాజవ్వ ఒక్క మాట అనలేదు. చీర జాన జాన జరుగుతూ గుంత నుంచి మూరెడు దూరానికి వచ్చి అక్కడే ఆగిపోయింది. వారం రోజులు కండె ఆ మూరెడు దాటలేదు.

మఖ కార్తెలో ఒక మధ్యాహ్నం. బయట సన్నటి తుంపర. నేను నిండు చప్పుడుతోనే నేస్తున్నాను, నాడె టకటక పోయి వస్తున్నది. చీర మీద కండె లేదు. గుమ్మి వెనక్కి పోయిందనుకుని నిట్టూర్చి నేస్తూనే ఉన్నాను. ఎడమ పక్క ఏదో తెల్లగా కదిలింది. కండె గుంత అంచున నిలబడి ఉంది. ఒళ్లంతా వణుకుతున్నది. కిందికి చూసింది, నన్ను చూసింది. నా చేతులు పైన, మగ్గం దగ్గర ఉన్నాయి. నేను వాటిని దించలేదు.

అది ముందు కాళ్లు గుంతలోకి దించింది. జారింది, లేచింది. చెక్కల పక్కనున్న కొంచెం జాగాలో ముడుచుకుని, నా ఎడమ పాదం మీద గడ్డం ఆనించింది. పాదానికి ఏ గంజీ లేదు. మట్టి తప్ప ఏమీ లేదు. అది నాకలేదు కూడా. ఒక పెద్ద ఊపిరి వదిలింది. మెల్లమెల్లగా వణుకు ఆగింది.

ఆ పాదంతోనే చెక్క తొక్కాలి. నేను తొక్కలేదు.

వెనక గదిలో నుంచి అక్క కేకేసింది. "తమ్మీ, మగ్గం ఆగిందేంది?"

పాదం కదపకుండానే అన్నాను. "పోగు తెగిందక్కా."

"ఒక్క పోగు అతుకనీకి గింత సేపా?"

రాజవ్వ తలుపు దగ్గరికి వచ్చింది. నా మొహం చూసింది, వంగి గుంతలోకి చూసింది. కొంగుతో కళ్లు ఒత్తుకుని వెనక్కి తిరిగి చెప్పింది.

"అవ్ వదినె, పోగే తెగింది. జర సేపు వడతది."